80యూ క్లెయిమ్ చేస్తే ఆఫీసులో అందరికీ తెలిసిపోతుందా?

నిశిగంధ
మానసిక అనారోగ్యం కింద నాకు 45 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉంది. మందులు వాడుతున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆఫీసులో ఎవరికీ తెలియదు, చెప్పాల్సిన అవసరం కూడా ఇప్పటిదాకా రాలేదు. ఇప్పుడు 2025-26కి ప్రూఫ్‌లు పెట్టమని మెయిల్ వచ్చింది. 80యూ, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్, దాని ఎదురుగా సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమంటోంది పోర్టల్. నా సర్టిఫికెట్లో ఫొటో కిందే జబ్బు పేరు బోల్డ్‌లో ఉంటుంది. పేరోల్ చూసే అమ్మాయి, నేను రోజూ ఒకే టేబుల్ దగ్గర లంచ్ చేస్తాం.

75,000 మినహాయింపు వదులుకోవడానికి మనసు ఒప్పట్లేదు. అలాగని ఆ కాగితం పెట్టడానికి చెయ్యి రావట్లేదు. ఆఫీసుకు చెప్పకుండా తీసుకునే దారి ఉందా? రేపు ఉద్యోగం మారినా, లోన్‌కి వెళ్లినా ఇది ఎక్కడెక్కడ బయటపడుతుంది?

కృష్ణాతీరం
ఉంది. ఆఫీసులో ఆ కాలమ్ ఖాళీగా వదిలేయండి. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు మీరే 80యూ క్లెయిమ్ చేసుకోండి. జీతంలోంచి ఎక్కువ కట్ అయిన పన్ను (టీడీఎస్) రీఫండ్‌గా వస్తుంది.

రేగుపండు
ఫారం 16లో లేనిది రిటర్న్‌లో చూపిస్తే నోటీసు రాదా? మా ఆఫీసులో అందరూ అదే అంటారు.

కృష్ణాతీరం
@రేగుపండు ఫారం 16 అనేది కంపెనీ ఎంత కోసిందో చెప్పే కాగితం. మీకు ఏ మినహాయింపులు వస్తాయో తేల్చేది చట్టం, కంపెనీ కాదు. ఒకవేళ డిపార్ట్‌మెంట్ అడిగితే సర్టిఫికెట్ చూపిస్తారు, అంతే. కాగితం నిజమైనదైతే టెన్షన్ దేనికి?

జీతాల_డెస్క్
పేరోల్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, అవతలి వైపు నుంచి చెప్తాను. మీరు అప్‌లోడ్ చేసిన ఫైలును చూసేది ఒక్క మనిషే అనుకోకండి. చాలా కంపెనీలు ప్రూఫ్‌ల పరిశీలనను బయటి ఏజెన్సీకి ఇస్తాయి. అక్కడ ఒకరు చూసి ఓకే చేస్తారు, ఇంకొకరు మళ్లీ చెక్ చేస్తారు. ఆ తర్వాత శాంపిల్ కోసం ఆడిటర్లు తీస్తారు.

అసలు లీకయ్యేది సర్టిఫికెట్ దగ్గర కాదు, ఎక్సెల్ షీటు దగ్గర. మార్చిలో టీడీఎస్ సరిచూసుకోవడానికి ఉద్యోగుల పేర్లు, ఎదురుగా 80సీ (పొదుపులు), 80డీ (హెల్త్ ఇన్సూరెన్స్), 80యూ అంకెలన్నీ ఒకే షీటులో పెట్టి మెయిల్లో తిప్పుతారు. నేను పనిచేసిన ఒక చోట ఆ షీటు ఫైనాన్స్ టీమ్ మొత్తానికి వెళ్లేది. వందల వరసల్లో 80యూ కింద అంకె ఉన్నవి రెండో మూడో. ఫిల్టర్ పెట్టనక్కర్లేదు, కళ్లకే కనపడతాయి. జబ్బు పేరు అక్కడ ఉండదు, కానీ ఆ అంకె చాలు జనం ఆరా తీయడానికి.

మనుషులు చెడ్డవాళ్లని అనను. చాలామంది పట్టించుకోరు. కానీ తెలియాల్సిన అవసరం లేనివాళ్లకి తెలిసిపోతుంది.

అడవిమల్లి
సర్టిఫికెట్లో జబ్బు పేరు మీద నల్లగా పూసేసి, శాతం మాత్రం కనపడేలా పెడితే?

జీతాల_డెస్క్
@అడవిమల్లి కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, చాలా చోట్ల తిప్పి పంపేస్తారు. పంపే ముందు హెచ్‌ఆర్‌ని జనరల్‌గా అడగండి, "వైకల్యం సర్టిఫికెట్ ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు దాస్తారు" అని. 2011 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ రూల్స్ ప్రకారం శారీరక, మానసిక ఆరోగ్య స్థితి, మెడికల్ రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి. అది తీసుకునే కంపెనీకి రాతపూర్వక సమ్మతి కావాలి, ప్రైవసీ పాలసీ ఉండాలి. ఆ రూల్ పేరు ఎత్తితే జవాబు కాస్త మర్యాదగా వస్తుంది.

గోదారి_గట్టు
నేను ఒప్పుకోను. ఎందుకు దాచాలి? నాకు పోలియో, రెండు కాళ్లకూ కాలిపర్స్. నేను ఆఫీసులో చెప్పినందుకే కింద ఫ్లోర్‌లో సీటు ఇచ్చారు, పార్కింగ్ దగ్గరగా ఇచ్చారు, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ నెలకు 3,200 పన్ను లేకుండా వస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. మనం ముందుకు రాకపోతే ఆ విధానాలన్నీ గోడకు అంటించిన కాగితాలుగానే మిగిలిపోతాయి.

నిశిగంధ
@గోదారి_గట్టు గారూ, మీ మాట కాదనను. కానీ మీ కాలిపర్స్ చూసినవాళ్లు కుర్చీ జరుపుతారు. నా జబ్బు పేరు విన్నవాళ్లు ప్రాజెక్టులోంచి నన్నే జరుపుతారు. పాత ఆఫీసులో ఒకతనికి ఇలాగే జరగడం నా కళ్లతో చూశాను. "ఒత్తిడి లేని పని ఇస్తాం" అని క్లయింట్ కాల్స్ నుంచి తీసేశారు, ఆ ఏడాది అప్రైజల్లో "క్లయింట్ ఎక్స్‌పోజర్ లేదు" అని రాశారు.

గోదారి_గట్టు
అది దారుణం. సరేనమ్మా, ఆ తేడా నేను ఒప్పుకుంటాను. కనపడే వైకల్యానికి దాచుకునే వీలు ఉండదు, కనపడనిదానికి చెప్పాలా వద్దా అన్న బరువు ఉంటుంది.

వైజాగ్_అల
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో గోప్యత హక్కు ఉందిగా, సెక్షన్ 23?

అడవిమల్లి
ఉంది, కానీ అది మీకు వైద్యం చేసేవాళ్లను, సంరక్షణ ఇచ్చేవాళ్లను కట్టడి చేస్తుంది. మీరే చేతులారా హెచ్‌ఆర్‌కి ఇచ్చిన కాగితం సంగతి వేరు.

లెక్కల_మాస్టారు
అందరూ ప్రైవసీ గురించే మాట్లాడుతున్నారు. ముందు అసలు లాభం ఎంతో చూడండి. 80యూ, అలాగే మన మీద ఆధారపడిన కుటుంబసభ్యుల వైకల్యానికి వచ్చే 80డీడీ, రెండూ పాత పన్ను విధానంలోనే. 2023-24 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న కొత్త విధానంలో ఇవి లేవు. నిశిగంధ గారూ, మీ జీతం సుమారుగా చెప్తే లెక్క వేస్తాను.

నిశిగంధ
14 లక్షలు. 80సీ నిండుతుంది. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్స్) మినహాయింపు 2,40,000 దాకా వస్తుంది, ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో విడిగా 50,000 కడతాను, హెల్త్ ఇన్సూరెన్స్ 25,000. హోమ్ లోన్ లేదు.

లెక్కల_మాస్టారు
కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 13,25,000. దానిమీద పన్ను 78,750, సెస్సు కలిపి 81,900.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ లక్షన్నర, హెచ్‌ఆర్‌ఏ 2,40,000, ఎన్‌పీఎస్ 50,000, 80డీ 25,000, ఇక 80యూ 75,000. మొత్తం 5,90,000 పోతే మిగిలేది 8,10,000. పన్ను 74,500, సెస్సుతో 77,480.

అంటే 80యూ పెట్టుకుని పాత విధానంలో ఉంటే మీకు మిగిలేది ఏడాదికి 4,420. అదే 80యూ వదిలేసి పాతదాంట్లోనే ఉంటే 93,080 కట్టాలి, అది శుద్ధ నష్టం. మీ నిర్ణయం 75,000 గురించి కాదమ్మా, 4,420 గురించి.

నిశిగంధ
ఇంతేనా?! నేను 75,000 మొత్తం చేతికి వస్తుందన్నంతగా నలిగిపోయాను.

రేగుపండు
75,000 అనేది ఆదాయంలోంచి తీసే మొత్తం కదండీ, పన్నులోంచి కాదు. 20 శాతం శ్లాబులో దాని విలువ 15,600, 30 శాతం శ్లాబులో 23,400. అదీ పాత విధానంలో ఉంటేనే.

లెక్కల_మాస్టారు
అవును. అలాగని అందరికీ ఇంతే అనుకోవద్దు. 80 శాతం, ఆపైన వైకల్యం ఉంటే మినహాయింపు 1,25,000. హోమ్ లోన్ వడ్డీ కూడా ఉన్నవాళ్లకి పాత విధానం గట్టిగానే కలిసొస్తుంది. ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోనే కాలిక్యులేటర్ ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు.

చిన్నారి_నాన్న
మాది ఇంకో రకం బాధ. మా చిన్నపాపకి ఆటిజం. నేను 80డీడీ క్లెయిమ్ చేయాలి. ఆఫీసుతో నాకు ఇబ్బంది లేదు, ఇబ్బంది మా సీఏతో. ఆయన మా పెదనాన్నగారి అబ్బాయి. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మా ఆవిడ అయితే "పాప సంగతి మనం చెప్పాల్సినవాళ్లకి మనమే కూర్చోబెట్టి చెప్తాం, ఏ పెళ్లి భోజనాల బంతిలోనో వాళ్లు వినకూడదు" అంటుంది. పాపను దాచడం మా ఉద్దేశం కాదు, దయచేసి అలా అనుకోవద్దు. మా అన్నయ్యను తప్పించి వేరేవాళ్ల దగ్గరికి వెళ్తే మళ్లీ అదో గొడవ.

కృష్ణాతీరం
@చిన్నారి_నాన్న జీతం ఒక్కటే ఆదాయమైతే మీరే వేసుకోవచ్చు, కష్టం కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం, ఈ మూడింటికి మాత్రం ఫారం 10-ఐఏ కావాలి. న్యూరాలజీలో ఎండీ చేసిన డాక్టర్, పిల్లలకైతే పీడియాట్రిక్ న్యూరాలజిస్ట్, లేదా ప్రభుత్వాసుపత్రి సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ సంతకం ఉండాలి. ఆ వివరాలు ముందు ఈ-ఫైలింగ్ పోర్టల్లో ఫైల్ చేసి, వచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్‌ని రిటర్న్‌లో 80డీడీ షెడ్యూల్లో వేయాలి. పాప ఆధార్ లేదా పాన్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే ఆ నంబరూ అక్కడే అడుగుతుంది. రిటర్న్‌తో పాటు కాగితాలేవీ జతచేయక్కర్లేదు.

చిన్నారి_నాన్న
థెరపీ బిల్లులు చాలావాటికి రసీదు లేదు. ఎంత ఖర్చుపెట్టామో చూపించాలా?

కృష్ణాతీరం
ఎంత అన్నది లెక్కలోకి రాదు. వైద్యానికో, శిక్షణకో, పునరావాసానికో ఖర్చు పెట్టి ఉండాలి, అంతే. 20,000 అయినా 3 లక్షలు అయినా మినహాయింపు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000. ఉన్న రసీదులు మాత్రం పారేయకండి.

కొబ్బరితోట
@చిన్నారి_నాన్న అన్నయ్యగారి మనసు నొచ్చుకోకుండా "ఈసారి నేనే నేర్చుకుంటున్నాను" అనండి. పైగా ఏటా ఆయనకిచ్చే స్వీటు డబ్బా మీకే మిగులుతుంది :)

చిన్నారి_నాన్న
హహ, చాలా రోజుల తర్వాత నవ్వాను. థాంక్సండీ.

అడవిమల్లి
ఇంకో మాట. పిల్లలు పెద్దయి ఉద్యోగంలో చేరి సొంతంగా 80యూ తీసుకుంటే తల్లిదండ్రులు అదే ఏడాది వాళ్ల పేరున 80డీడీ తీసుకోకూడదు. మా ఇంట్లో తమ్ముడి విషయంలో నాన్న, తమ్ముడు ముందే మాట్లాడుకోవాల్సి వచ్చింది.

ఎడారి_తెలుగు
నేను గల్ఫ్‌లో ఉంటాను, ఎన్నారై స్టేటస్. ఊళ్లో అద్దె ఆదాయం ఉంది. వినికిడి లోపం 60 శాతం. నాకు 80యూ వస్తుందా?

లెక్కల_మాస్టారు
రాదు. ఆ ఏడాది భారత్‌లో రెసిడెంట్ అయినవాళ్లకే.

వైజాగ్_అల
నాకు హీమోఫీలియా. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది, సర్టిఫికెట్ కూడా ఉంది. ధైర్యంగా 80యూ పెట్టేయొచ్చా?

కృష్ణాతీరం
ఇక్కడ కాస్త ఆగాలి. 2025-26 ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80యూ వైకల్యం అనే మాటకు అర్థాన్ని 1995 నాటి పాత వికలాంగుల చట్టం నుంచి తీసుకుంటుంది. చూపు, వినికిడి, కదలికల లోపాలు, కుష్ఠు నయమైనవాళ్లు, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నాయి అందులో. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం విడిగా చేరాయి. హీమోఫీలియా లేదు. పాత చట్టం పోయి కొత్తది వచ్చింది కాబట్టి కొత్త జాబితానే వర్తించాలని వాదించవచ్చు. కానీ నోటీసు వస్తే వాదించుకోవాల్సింది మీరే. దీనికి మాత్రం ఒక మంచి సీఏకి ఫీజు ఇవ్వండి. నిశిగంధ గారికి ఈ చిక్కు లేదు.

వైజాగ్_అల
21 జబ్బుల్లో చేర్చి, పన్ను దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసేయడం ఏంటండీ. రక్తం గడ్డకట్టే ఇంజెక్షన్ల ఖర్చు ఎవరికీ తెలియదు. ఒళ్లు మండుతుంది.

గోదారి_గట్టు
మండాలి కూడా. ఇది మార్చమని మన సంఘాలు గట్టిగా అడగాలి.

కొబ్బరితోట
నిశిగంధ గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, ఎక్కడెక్కడ బయటపడుతుందని. నేను బ్యాంకులో లోన్లు చూస్తాను.

కంపెనీ ద్వారా 80యూ తీసుకుంటే ఫారం 16 పార్ట్ బీలో ఆ మొత్తం కనపడుతుంది. కొత్త ఉద్యోగంలో పాత ఫారం 16 అడిగితే వాళ్లకి తెలుస్తుంది. హోమ్ లోన్‌కి మేం అడిగేవి ఫారం 16తో పాటు రిటర్నులు కూడా. పూర్తి రిటర్న్ పీడీఎఫ్ ఇస్తే అందులో 80యూ షెడ్యూల్ ఉంటుంది. మీరు సొంతంగా క్లెయిమ్ చేసినా అక్కడ దాగదు. అయితే జబ్బు పేరు ఉండదు. వైకల్యమా, తీవ్ర వైకల్యమా, ఆ మూడు ప్రత్యేక రకాల్లోదా, వేరేదా అన్నంత వరకే. ఎక్కడైనా ఒక పేజీ అక్‌నాలెడ్జ్‌మెంట్ సరిపోతుందంటే అదే ఇవ్వండి, అందులో మొత్తం ఆదాయం, కట్టిన పన్ను ఉంటాయి, ఏ సెక్షన్ కింద ఎంత తగ్గించారో ఉండదు.

80యూ ఉందని లోన్ ఆపడానికి లేదు. అప్పులు పొందడంలో వికలాంగులకు అందరితో సమాన హక్కు ఉందని 2016 చట్టం సెక్షన్ 13 చెప్తోంది. ఎవరైనా మెలిక పెడితే కారణం రాతపూర్వకంగా అడగండి.

రేగుపండు
ఇన్సూరెన్స్ సంగతి?

కొబ్బరితోట
అది చాలా ముఖ్యం. టర్మ్ పాలసీకి ఆదాయం రుజువుగా రిటర్నులు అడుగుతారు. ఒక చేత్తో 80యూ ఉన్న రిటర్న్ ఇచ్చి, ఇంకో చేత్తో ప్రపోజల్ ఫారంలో "ఏ జబ్బూ లేదు" అని టిక్ పెడితే, రేపు క్లెయిమ్ అప్పుడు మీ ఇంట్లోవాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి. ఆఫీసుకు చెప్పకపోవడం మీ హక్కు. ఇన్సూరెన్స్ ఫారంలో అడిగినదానికి దాచడం మాత్రం మీ కుటుంబానికి మీరే చేసే నష్టం. మెడికల్ ఇన్సూరెన్స్‌లో మానసిక అనారోగ్యాన్ని మిగతా జబ్బులతో సమానంగా చూడాలని 2017 చట్టంలోనే ఉంది, సెక్షన్ 21. కాబట్టి భయపడి దాచక్కర్లేదు.

అడవిమల్లి
ఈ పోస్టును పైన పిన్ చేయండి ఎవరైనా.

పల్లేరుకాయ
మా కొలీగ్స్‌లో ఇద్దరు ముగ్గురు ఏ వైకల్యం లేకుండానే 80యూ పెట్టి రీఫండ్ తీసుకున్నారు. ఒక ఏజెంట్ చేయించాడట, రీఫండ్‌లో వాటా తీసుకుని. ఇలాంటివాళ్ల వల్ల కాదూ మనందరి మీదా అనుమానం!

కృష్ణాతీరం
@పల్లేరుకాయ 2025 జూలైలో బోగస్ మినహాయింపుల మీద డిపార్ట్‌మెంట్ దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు క్లెయిమ్‌కి పన్ను, వడ్డీ, పెనాల్టీ అన్నీ పడతాయి. వికలాంగుల కోసం ఉన్న ప్రయోజనాన్ని మోసంతో కొట్టేస్తే 2016 చట్టం సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మీ కొలీగ్స్‌కి చెప్పండి.

జీతాల_డెస్క్
ఒక ప్రాక్టికల్ మాట. ఆఫీసులో కొత్త విధానం పెట్టించుకుని, రిటర్న్‌లో పాత విధానం ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లకి ఏటా మార్చుకునే వీలుంది. కానీ గడువులోపు, అంటే మామూలుగా జూలై 31లోపు వేస్తేనే. ఆలస్యమైతే పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది, దాంతో 80యూ కూడా పోయినట్టే. లేదంటే ఆఫీసులో పాత విధానమే పెట్టి, హెచ్‌ఆర్‌ఏ, 80సీ అన్నీ ఇచ్చి ఒక్క 80యూ మాత్రం రిటర్న్‌కి ఉంచుకోవచ్చు. ఎక్కువమందికి ఇదే సుఖం, అడిగేవాళ్లు ఉండరు.

రేగుపండు
డబ్బు ప్రభుత్వం దగ్గర అన్ని నెలలు ఇరుక్కుపోతుందిగా మరి.

జీతాల_డెస్క్
ఇరుక్కుంటుంది, నిజమే. గడువులోపు వేస్తే, రీఫండ్ మొత్తం పన్నులో కనీసం 10 శాతం ఉంటే, ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా వస్తుంది. ఆ ఆలస్యాన్ని ప్రైవసీకి కట్టే ధర అనుకుంటాను నేను. ఒక్కసారి షీటులోకి ఎక్కిన సమాచారాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

గోదారి_గట్టు
నా ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మాత్రం ఆఫీసుకు చెప్పకుండా రాదు, జీతంలో భాగంగా వాళ్లే ఇవ్వాలి కాబట్టి. చూపు లేనివాళ్లకి, వినపడని మాట్లాడలేనివాళ్లకి, కాళ్ల వైకల్యం ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. కొత్త విధానంలోనూ ఉంది. 2025-26 లెక్కన ఏడాదికి 38,400. అర్హత ఉండి అడగనివాళ్లు దయచేసి అడగండి.

పల్లేరుకాయ
ఇది నాకు తెలియదు! మా అక్కకి ఇవాళే చెప్తాను.

నిశిగంధ
అందరికీ ధన్యవాదాలు. ఆఫీసులో కొత్త విధానం టిక్ పెట్టేస్తున్నాను, సర్టిఫికెట్ పెట్టట్లేదు. అద్దె రసీదులు నా దగ్గర ఉంటాయి. జూలైలో రెండు లెక్కలూ వేసి, అప్పటికీ పాతదే తక్కువైతే రిటర్న్‌లో క్లెయిమ్ చేస్తాను. ఒక్క డౌటు మిగిలింది. నా సర్టిఫికెట్ తాత్కాలికం, 2026 ఆగస్టు దాకానే ఉంది. ఆ తర్వాతి నెలలకి పనికిరాదా?

కృష్ణాతీరం
గడువు తీరిన ఆర్థిక సంవత్సరం మొత్తానికీ పనికొస్తుంది. అంటే 2026-27 దాకా ఇబ్బంది లేదు. 2027-28కి క్లెయిమ్ చేయాలంటే కొత్త సర్టిఫికెట్ ఉండాలి.

అడవిమల్లి
అలాగని చివరిదాకా ఆగకండి. వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరాల్లో స్లాట్లు అంత తేలిగ్గా దొరకవు, ముందే బుక్ చేసుకోవాలి. మానసిక అనారోగ్యానికి శాతం కట్టేటప్పుడు పని, మాట, రోజువారీ జీవితం గురించి ప్రశ్నలు అడుగుతారు. మందులతో బాగున్న రోజున వెళ్తే "బాగానే ఉన్నారుగా" అంటారు. పాత చీటీలు, అడ్మిషన్ కాగితాలు, డాక్టరు ఫాలో-అప్ నోట్స్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, మిమ్మల్ని దగ్గర నుంచి చూసినవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి.